ఆయుధ విసర్జనమును గ్రామక్షేమమును

ఏ దేశమునందైనను అంతర్యుద్ధము సమసిన కొన్ని మాసములకు పత్రికలలో ఒకే తీరు ఛాయాచిత్రము ప్రకటింపబడుచుండును. మైదానము నడుమ కుప్పవోసిన తుపాకులు, వాని చెంత నిలిచిన మంత్రులు, వెనుక వరుసగా కూర్చున్న మాజీ యోధులు అందు కనబడుదురు. ఆ కుప్ప ఎత్తును బట్టియే శాంతి ఎంత వచ్చినదో అంచనా వేయుట మనకు అలవాటైనది. గడచిన కొన్ని దశాబ్దములలో ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఐరోపా, ఆసియా ఖండములలో ఈ దిశగా జరిగిన ప్రయత్నములను ఒకచోట చేర్చి పరిశీలించినచో ఆ కొలత ఎంత అసమగ్రమైనదో, తుపాకి కుప్పలోనికి చేరుటకును ఆ ఊరి స్త్రీ నిర్భయముగా సంతకు పోయివచ్చుటకును నడుమ ఎంత దూరము మిగిలియుండునో స్పష్టపడును.

సమస్య పరిమాణమును గూర్చి మొదట ఒక మాట చెప్పవలెను. సాయుధ హింసకును దారిద్ర్యమునకును గల సంబంధమును అంగీకరించుచు 2006లో జెనీవాయందు కొన్ని ప్రభుత్వములు కూడి ఒక ప్రకటన చేసినవి. కాలక్రమమున నూటికి పైగా దేశములు దానిని ఆమోదించినవి. దాని ననుసరించి వెలువడిన 2011 నాటి నివేదిక, ప్రపంచమున సంవత్సరమునకు సుమారు 5,26,000 మంది హింసచేత మరణించుచున్నారనియు, వారిలో యుద్ధములలో నేరుగా హతులగువారు 55,000 మాత్రమే యనియు తేల్చినది. అనగా పదిమందిలో తొమ్మిదిమంది యుద్ధమని పేరులేని తావులలో, వీధి తగవులలో, ముఠాల పోరులో, ఇంటి గోడల నడుమ ప్రాణములు కోల్పోవుచున్నారు. 2018 నాటి మఱియొక అంచనా ప్రకారము భూమండలముపైనున్న తుపాకులు 100 కోట్లకు మించినవి. వానిలో నూటికి 85 పౌరుల చేతులలోనివే. ఈ లెక్కలు వెలువడక పూర్వము ఆయుధ విసర్జనమనగా సేనాపతులకును దౌత్యవేత్తలకును సంబంధించిన వ్యవహారముగా ఉండెను. ఇవి వెలువడిన పిమ్మట అది వైద్యుడు, ఉపాధ్యాయుడు, గ్రామపెద్ద, పురపాలకుడు పాలుపంచుకొనవలసిన పనియని క్రమముగా తెలిసివచ్చినది.

సేకరణ మార్గమున మిక్కిలి పేరొందినది మాలీ దేశపు ఉదాహరణము. 1996 మార్చి 27న టింబక్టు నగరమున, అధ్యక్షుడు ఆల్ఫా ఊమర్ కోనారె సమక్షమున, ఉత్తర ప్రాంతపు తిరుగుబాటుదారులు అప్పగించిన సుమారు 3,000 ఆయుధములను చితివలె పేర్చి నిప్పంటించిరి. ఆ జ్వాలకు ముందు ఎడారి గ్రామములలో వేర్వేరు తెగల పెద్దలు సభలు జరుపుకొని, పచ్చికబీళ్ళను గూర్చియు నీటి తావులను గూర్చియు తమలో తాము మాట యిచ్చిపుచ్చుకొనిరి. నాకు జ్వాలకంటె ఆ సభలే విలువైనవిగా తోచును. ఆ మాట నిలిచినంతకాలము శాంతియు నిలిచినది. ఉత్తర ప్రాంతమునకు రాజ్యము చేసిన వాగ్దానములు సన్నగిల్లగా, 2011లో లిబియా దేశమున గడాఫీ ప్రభుత్వము కూలి అచటి ఆయుధాగారములు బార్లా తెఱచుకొనగా, 2012లో అదే టింబక్టు మరల సాయుధుల వశమైనది.

మొజాంబిక్ అనుభవము ఇంతకంటె ఓపికగా పరిశీలింపదగినది. 1992 అక్టోబరు 4న రోమ్ నగరమున కుదిరిన ఒడంబడికతో అచటి పదునైదేండ్ల అంతర్యుద్ధము ముగిసినది. సైన్యముల ఆయుధములు కొంతవరకు ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చినను, భూమిలో పాతిపెట్టినవి, ఇండ్లలో దాచినవి, పొదలలో పారవైచినవి లెక్కకు మించి మిగిలెను. 1995లో అచటి క్రైస్తవ మండలి, బిషప్ డినిష్ సెంగులానె పూనికతో, తుపాకి తెచ్చినవారికి కుట్టుమిషను, సైకిలు, వ్యవసాయపు పనిముట్లు, ఇంటి కప్పునకు రేకులు ఇచ్చు పథకము నారంభించినది. డబ్బీయరాదని వారు చేసికొన్న నిర్ణయము దూరదృష్టి గలది. రొక్కమిచ్చినచోట పాత తుపాకిని అమ్మి ఆ సొమ్ముతో మేలైనదానిని కొనుటకు వీలుండును, కుట్టుమిషను ఇంటికి వచ్చినచో ఇంటి ఇల్లాలు దానిని మరల తుపాకిగా మారనీయదు. పోలీసు ఠాణా మెట్లెక్కుటకు జంకిన రైతు చర్చి గుమ్మమునకు వచ్చెను. వచ్చిన ఆయుధములను ముక్కలుగా కోయించి, ఆ ఇనుమును మపూటో నగర శిల్పుల కిచ్చిరి. కెస్టర్ అను శిల్పి 2001లో ఆ తునకలతో అమర్చిన సింహాసనము నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందున్నది. ఇదే కాలమున దక్షిణాఫ్రికా, మొజాంబిక్ పోలీసులు కలిసి, దాచిన ఆయుధపు గోతులను వెదకి ధ్వంసము చేసిరి. మతపెద్దల నమ్మకమును పోలీసుల పలుగును ఒకే సంవత్సరమున పనికి దిగుట ఆ దేశపు అదృష్టము.

పశ్చిమాఫ్రికాయందు ఈ పని మఱియొక తీరున సాగెను. లైబీరియాలో 2003 డిసెంబరున మొదటి శిబిరము తెఱచినంతనే, నగదు తక్షణమే ఈయవలెనని యోధులు అల్లరికి దిగగా మన్రోవియాలో పలువురు మరణించిరి. కార్యక్రమమునే కొన్ని మాసములు నిలిపివేయవలసివచ్చెను. తుదకు 1,03,000 మందికి పైగా యోధులమని పేర్లు వ్రాయించుకొనిరి. చేరిన తుపాకులు మాత్రము 28,000. మూడు నాలుగు పేర్లకు ఒక తుపాకి చొప్పున వచ్చిన ఈ లెక్కలో, భృతికై యోధుని వేషము వేసినవారెందరో, తుపాకిని అడవిలో దాచి చేతులు ఊపుకొనుచు వచ్చినవారెందరో తేల్చుట ఎవరి తరమును కాలేదు. పొరుగుననున్న సియెర్రా లియోన్‌లో 2002 జనవరి నాటికి 72,000 మందికి పైగా ఆయుధములు దించిరి. అది గొప్ప కార్యమే. కాని తుపాకి చూపినవారికే భృతి అను నియమము మూలమున, ఎత్తుకొనిపోబడి, దళములకు వండిపెట్టి, బరువులు మోసి, దళనాయకులకు బలవంతముగా భార్యలుగా చేయబడిన బాలికలు ఆ జాబితాలకు వెలుపలనే నిలిచిపోయిరి. లెక్కకెక్కిన సుమారు 6,800 మంది బాలసైనికులలో ఆడపిల్లలు పదింట ఒకవంతు కూడ లేరు. తుపాకిని కొలబద్దగా చేసికొన్నవారికి, తుపాకి పట్టని చేతికి తగిలిన గాయము కనబడకపోవుటకు ఇంతకంటె దారుణమైన నిదర్శనము లేదు. తరువాతి దశలో అదే దేశమున, ఒక్కొక్క మనిషికి కాక, తమ ప్రాంతమున ఆయుధములు లేవని తేలిన, సంప్రదాయ నాయకుని ఏలుబడిలోని ఒక్కొక్క ప్రాంతమునకు అభివృద్ధి పనికి నిధులిచ్చు పద్ధతి వచ్చినది. అల్బేనియా దేశములోని గ్రాంష్ ప్రాంతమున 1998-99లో ఇట్టి పద్ధతియే అమలై, సుమారు 6,000 ఆయుధములకు బదులుగా ఊళ్ళకు రోడ్లు, వీధిదీపములు, టెలిఫోను సౌకర్యములు లభించెను. వ్యక్తికిచ్చు భృతి పొరుగువానికి కంటగింపగును. ఊరికి వచ్చిన రోడ్డుపై అందరును నడతురు.

ఒప్పించుటకు ఓపిక లేని ప్రభుత్వములు బలమును ప్రయోగించిన కథలు మిక్కిలి విషాదకరములు. దక్షిణ సూడాన్‌లోని జోంగ్లె ప్రాంతమున 2006లో సైన్యము లౌ నుయెర్ పశుపాలకుల ఆయుధములను బలవంతముగా గుంజుకొనబోగా పోరు చెలరేగి, సేకరించిన సుమారు 3,000 తుపాకులకు గాను 1,600 వరకు ప్రాణములు పోయినవని అంచనా వేయబడినది. అదే సంవత్సరమున, అదే ప్రాంతములోని అకోబోలో, పెద్దలను కూర్చుండబెట్టి మాటలాడి, వేయికి పైగా తుపాకులను రక్తపాతము లేకుండ దింపిరి. ఉగాండాలోని కరమోజా కథ వేఱు. 2001 చివర స్వచ్ఛంద సేకరణకు పిలుపువచ్చినపుడు అచటివారు వేల తుపాకులను అప్పగించిరి. అప్పగించినవారి పశువుల మందలను, తుపాకులు దించని ఇరుగుపొరుగు తెగలవారు తోలుకొనిపోయిరి. కాపుదల కల్పించెదమన్న సైన్యము చాలలేదు. మందయే ఆస్తియు, మందయే పెండ్లికట్నమును, మందయే కఱవు నాటి తిండియునైన మనుజుడు మరల తుపాకి వెదకికొనుటలో ఆశ్చర్యమేమున్నది? ఆతడు హింసాప్రియుడని వ్రాసినవారు ఆతని స్థితిలో ఒక రాత్రి గడిపియుండరు. తుపాకి ఆతని ఇంట చేయుచున్న కావలి పనిని ఎవరు చేపట్టుదురను ప్రశ్నకు సమాధానము చెప్పక తుపాకిని అడుగుటయే ఆ విధానములోని మూలదోషము. ఈ సమీక్షకు కేంద్రమైన విషయము ఇదియే: కావలి చేతులు మారినచోట ఆయుధము దిగినది, మారనిచోట దిగినను మరల లేచినది.

కావలి చేతులు మార్చుట ఎట్లో చూపినవారు కెన్యా దేశపు ఈశాన్యమునందలి వజీర్ స్త్రీలు. అది సోమాలీ తెగలు నివసించు మెట్టభూమి. 1984 ఫిబ్రవరిలో అచటి వగల్లా విమానాశ్రయమున దెగోదియా తెగ పురుషులను నిర్బంధించి సైన్యము సామూహికముగా చంపియుండుటచేత, ప్రభుత్వమనగా ఆ ప్రజలకు భయమే గాని నమ్మకము లేదు. 1991లో పొరుగున సోమాలియా రాజ్యము కూలి ఆయుధములు వెల్లువెత్తగా, కఱవు మందలను మట్టుపెట్టగా, అజురాన్, దెగోదియా, ఒగాడెన్ తెగల నడుమ చంపులాటలు పెచ్చరిల్లెను. సంతలో ఒక తెగ స్త్రీ మఱియొక తెగ స్త్రీయొద్ద పాలు కొనదు, అమ్మదు. త్రోవలో అడ్డగించుటయు కలదు. దేఖా ఇబ్రహీం అబ్ది మొదలగు కొందఱు స్త్రీలు వేర్వేరు తెగలనుండి కూడి, మొట్టమొదట సంతనే చేపట్టిరి: ఏ తెగవారైనను ఎవరియొద్దనైనను కొనవచ్చును, అమ్మవచ్చును అని నిర్ణయించి, ఆ నిర్ణయము అమలగుచున్నదో లేదో తామే సంతలో నిలిచి కనిపెట్టిరి. పిమ్మట పెద్దలను కదిలించిరి. బలమైన తెగ పెద్ద పిలిచినచో తక్కినవారు రారని యెఱిగి, చిన్న తెగ పెద్దలచేత సభ పిలిపించిరి. 1993లో పెద్దలందఱును అల్ ఫతాహ్ ప్రకటనపై ఒప్పుకొనిరి. దొంగిలింపబడిన పశువునకును పడిన ప్రాణమునకును చెల్లింపవలసిన పరిహారము ఇంతయని నిర్ణయమైనది. 1995 నాటికి ఈ సంఘమును జిల్లా పాలనాయంత్రాంగము తనలో చేర్చుకొనగా, ఎచటనైనను కలహము రేగెనని తెలిసినంతనే పెద్దలు, స్త్రీలు, మతగురువులు, భద్రతాధికారులు కలిసి ఒకే వాహనములో బయలుదేరిపోవు ఏర్పాటు జరిగినది. ఆ వాహనములో పోలీసువాని ప్రక్కన తన తెగ ముసలివాడు కూర్చుండుట చూచిన పల్లెవానికి, దశాబ్దము క్రిందట తన అన్నదమ్ములను చంపిన ప్రభుత్వము క్రొత్త ముఖముతో కనబడియుండును. దేశమంతట ఇట్టి శాంతిసంఘములు ఏర్పడుటకు వజీర్ మాదిరి అయినది. దేఖా 2011లో మరణించెను. ఆ ప్రాంతమున తరువాతను కలహములు లేచినమాట నిజము. 2014లో దెగోదియా, గర్రె తెగలు ఘోరముగా పోరాడినవి. ఈ పని ఒకమారు చేసి ముగించునది కాదు. సంఘము శ్రద్ధ తప్పిన సంవత్సరమున తగవు తలయెత్తును.

ప్రభుత్వపు కావలి నమ్మదగినదిగా మారుట గూర్చి ఉత్తర ఐర్లండు ఒక పాఠము చెప్పును. 1998 ఏప్రిలు 10న ఒడంబడిక కుదిరినను ఐ.ఆర్.ఎ. అను రహస్యసేన ఆయుధ విసర్జనము పూర్తియైనట్లు జనరల్ డి షాస్టలాన్ అధ్యక్షతన గల అంతర్జాతీయ సంఘము ధ్రువపఱచినది 2005 సెప్టెంబరున. కాథలిక్, ప్రొటెస్టంట్ శాఖలకు చెందిన ఇద్దరు మతాచార్యులు సాక్షులుగా నిలిచిరి. నడుమ గడచిన ఏడేండ్లలో జరిగిన ప్రధాన కార్యము పోలీసు శాఖను పునర్నిర్మించుట. నూటికి ఎనిమిదిమంది మాత్రమే కాథలిక్కులున్న పాత దళము స్థానమున 2001లో క్రొత్త దళమును నెలకొల్పి, నియామకములలో సగము వారికి కేటాయింపగా, 2011 నాటికి వారి పాలు నూటికి ముప్పదికి చేరెను. తన వీధి కుఱ్ఱవాడు పోలీసు దుస్తులలో కనబడుచుండగా రహస్యసేన కావలి అక్కఱ తగ్గినది.

కొలంబియాలోని కాలీ నగరము చూపిన మార్గము మిగిలినవానికి భిన్నము. 1992లో నగరాధ్యక్షుడైన రోడ్రిగో గెరెరో వైద్యుడు, అంటువ్యాధుల శాస్త్రము నభ్యసించినవాడు. ఆ నగరపు హత్యలకన్నిటికిని మత్తుమందుల ముఠాలే కారణమని అందఱును నమ్ముచుండగా, ఆయన ప్రతివారము పోలీసులను, శవపరీక్ష వైద్యులను కూర్చుండబెట్టి, ఎవరు, ఎచట, ఏ వేళ, ఏ ఆయుధముతో చంపబడిరో వ్రాయించెను. హత్యలు వారాంతములలో, జీతము చేతికివచ్చిన దినములలో, మద్యము నడుమ విస్తరించుచున్నట్లు తేలినది. అట్టి దినములలో తుపాకి ధరించి వీధికి రారాదని నిషేధించిరి. ఈ నిషేధమును గూర్చి 2000లో వెలువడిన పరిశోధన, నిషేధమున్న దినములలో కాలీయందు హత్యలు నూటికి 14 తగ్గినట్లు చూపినది. బొగోటా నగరమునను ఇంచుమించు అంతే. తుపాకులను పూర్తిగా గుంజుకొనకయే, ప్రమాదమున్న గంటలలో వానిని ఇంట నుంచుమని చెప్పి వందల ప్రాణములు కాపాడుట సాధ్యమని, కేవలము లెక్కలు శ్రద్ధగా వ్రాసికొనుటచే తెలిసినది. మన పోలీసు ఠాణాలలో ఇట్టి వ్రాత ఎంతమాత్రము కష్టము కాదు.

ఆయుధముల ఉత్పత్తిని, విక్రయమును గూర్చి దీర్ఘముగా వ్రాయను. 2013 ఏప్రిలు 2న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆయుధ వ్యాపార ఒప్పందము 2014 డిసెంబరు 24 నుండి అమలులోనున్నది. భారతదేశము వోటింగులో తటస్థముగా నుండెను. పెద్ద విక్రేతలు పలువురు వెలుపలనుండగా ఆ ఒప్పందము చేయగలిగినది కొంచెమే. గండి పూడ్చకుండ నీరు తోడుచున్నట్లే యున్నది.

మన దేశమునకు వచ్చినచో, 1986 జూన్ 30 నాటి మిజోరం ఒడంబడిక ఈ సమీక్షలో ఉన్నతస్థానము పొందదగినది. ఇరువదేండ్ల తిరుగుబాటు, 1966లో ఐజ్వాల్‌పై విమానదాడులు, ఊళ్ళను పెకలించి రహదారుల ప్రక్కకు తరలించుట, ఇంత చేదు గతమున్నను శాంతి నిలిచినది. అప్పటి ముఖ్యమంత్రి లాల్ థన్హావ్లా తన పదవిని తిరుగుబాటు నాయకుడు లాల్ డెంగాకు విడిచియిచ్చెను. అధికారమునందు పాలుపొందినవాడు అడవికి మరలలేదు. మణిపురము దీనికి విపర్యయము: 2023లో పోలీసు ఆయుధాగారములనుండి వేల తుపాకులు లూటీయైనవి, 2025 ఫిబ్రవరిలో గవర్నరు పిలుపుపై సుమారు వేయి తిరిగివచ్చినను, కొండకును లోయకును నడుమ సామాన్యుడు నిర్భయముగా దాటలేని హద్దు అట్లే యున్నది.

తెలుగునాట, తుపాకి దిగుటకు ఏమి కావలెనను ప్రశ్నను అందఱికంటె స్పష్టముగా అడిగినవాడు ఎస్.ఆర్. శంకరన్. 1987 డిసెంబరున తూర్పుగోదావరి జిల్లా గుర్తేడులో పీపుల్స్‌వార్ దళము అపహరించిన ఐ.ఎ.ఎస్. అధికారులలో ఆయన ఒకడు. ఆ మనిషియే పదవీవిరమణానంతరము, 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదికకు నాయకుడై, ఎన్‌కౌంటరులో కొడుకును పోగొట్టుకొన్న తల్లిని, ఇన్ఫార్మరని భర్తను దళము చంపగా మిగిలిన భార్యను ఒకే దయతో విని, ప్రభుత్వమునకును, అన్నలనబడు నక్సలైట్లకును ఒకే మాట చెప్పెను. ఆ ఏండ్ల కృషియే 2004 అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో జరిగిన చర్చలకు బాట వేసినది. చర్చలు విఫలమైనవి, దళములు ఊళ్ళలో ఆయుధములతో తిరుగవచ్చునా అనునదియే చిక్కుముడి. 2005 ఆగస్టులో వారిపై నిషేధము మరల వచ్చెను. భూమి, అడవి ప్రశ్నలు చర్చలలో ముందుకు సాగకయే తుపాకి ప్రశ్నపై అంతయు ఆగిపోవుట నేటికిని విచారకరము.

అదే 2005లో గోదావరికి ఆవల బస్తరులో సల్వాజుడుం పేరిట గిరిజనులకే తుపాకులిచ్చి గిరిజనులపై పురికొల్పిరి. వందల పల్లెలు పాడుపడినవి; వేలమంది కోయలు, మురియాలు నది దాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చి గుడిసెలు వేసికొనిరి. 2011 జూలై 5న సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తులు బి. సుదర్శన్ రెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్, నెలకు 3,000 రూపాయల భృతిపై చదువు అంతంతమాత్రమైన యువకులకు ఆయుధములిచ్చి పోరునకు పంపుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. పోరుకు పంపుటయైతే ఆగలేదు. లొంగిపోయినవారినే వేఱు పేరుగల దళములలో చేర్చుకొనుట సాగినది. తుపాకి దించినవానిచేత మరల తుపాకి పట్టించుట, పైన చెప్పిన దేశములన్నిటి అనుభవమునకును విరుద్ధమైన పని.

2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు సుమారు అరువదిమందితో గడ్చిరోలిలో ఆయుధములప్పగించెను. అదే మాసమున జగదల్‌పూరులో రెండువందలకు పైగా లొంగిపోయిరి. పత్రికలలో మరల ఆ కుప్పల చిత్రములు వచ్చినవి. తుపాకి దిగుట సంతోషకరమే. కాని వజీర్ సంత, కరమోజా మంద చెప్పిన పాఠము ఇపుడే అవసరము: ఆ అడవిలో కోయభాషలో ఫిర్యాదు వ్రాసికొను ఠాణా కావలెను, అటవీహక్కు పత్రము చేతికి రావలెను, వంటపాత్ర మోసిన స్త్రీ పేరు పునరావాసపు జాబితాలో నుండవలెను. నది ఈవల గుత్తికోయలని పిలువబడుచు, గిరిజన ధ్రువపత్రము లేక, పోడుభూమిపై హక్కు లేక, ఇరువదేండ్లుగా అటవీశాఖవారి రాకకు బెదరుచున్న కుటుంబములకు తిరిగిపోవుటయో, ఇచటనే స్థిరపడుటయో తమంతట తాము ఎంచుకొను అవకాశము కలుగవలెను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వములు మూడును ఒకచోట కూర్చుండి ముందుగా ఈ కుటుంబముల జాబితాను సిద్ధము చేయవలెను.